ముందు ప్రశ్న, తర్వాతే కెమెరా

అపార్టుమెంటులో బైకు పోయిందనగానే నలుగురూ వాచ్‌మన్ గదిలోని టీవీ ముందు చేరతారు. రికార్డింగు వెనక్కి తిప్పితే తెల్లవారుజామున ఒక మనిషి గేటు దాటి లోపలికొస్తాడు, సెల్లారులో కాసేపు తచ్చాడతాడు, బండి నడిపించుకుంటూ బయటికి వెళ్ళిపోతాడు. జరిగిందంతా కనిపిస్తుంది, చేసిందెవరో మాత్రం తెలియదు. ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ, నంబరు ప్లేటు ఉండాల్సిన చోట వెలుగు ముద్ద. తెలుగు నగరాల్లో ఇది తరచూ జరిగేదే. అప్పుడు కొందరు కెమెరా నాసిరకమంటారు, కొందరు బిగించినవాడు మోసం చేశాడంటారు, ఇంకో నాలుగు కెమెరాలు పెట్టిద్దామని చివరికి అసోసియేషన్ తీర్మానిస్తుంది. నిజానికి ఆ కెమెరా తన పని తాను చేసింది. సెల్లారులో ఎవరైనా కదిలారా లేదా అని మాత్రమే చెప్పగల కెమెరాను బిగించి, ఆ కదిలిన మనిషెవరో చెప్పమని అడిగాం. ఈ రెండు ప్రశ్నలకూ కావలసిన లెన్సు వేరు, ఎత్తు వేరు, వెలుతురు వేరు. అందుకే భవనానికి కెమెరాలు ఎంచుకునేవారు మొట్టమొదట చేయవలసింది, ఒక్కో చోట చిత్రం ఏ ప్రశ్నకు జవాబు చెప్పాలో కాగితం మీద రాసుకోవడం. ఎన్ని కెమెరాలు, ఏ రకం, ఏ తీగ, ఎంత హార్డ్ డిస్క్ అనే నిర్ణయాలన్నీ ఆ కాగితంలోంచే పుట్టాలి.

మన దగ్గర లెక్క తలకిందులుగా సాగుతోంది. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్ళు జరిగాయి. అదే ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా భద్రత చర్యల అమలు చట్టం వచ్చింది. జనం ఎక్కువగా వచ్చిపోయే సంస్థలు సీసీ కెమెరాలు పెట్టాలని, 30 రోజుల ఫుటేజీ దాచాలని ఆ చట్టం చెప్పింది. తర్వాత హైదరాబాదులో పోలీసులు ‘నేను సైతం’ పేరుతో కాలనీలనూ దుకాణదారులనూ కలుపుకుని వేలాది కెమెరాలు పెట్టించారు. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో పెద్ద కమాండ్ కంట్రోల్ కేంద్రం మొదలైంది. ఈ ప్రయత్నాల వల్ల మేలు జరగలేదని అనడం లేదు. అయితే వీటితోపాటు ఒక అలవాటు కూడా వచ్చింది: భద్రతను కెమెరాల సంఖ్యతో కొలవడం. కొటేషన్లు కూడా ఆ అచ్చులోనే వస్తాయి. ‘8 కెమెరాలు, ఒక డీవీఆర్, ఒక టెరాబైట్ డిస్క్, వైరింగుతో కలిపి ఇంత’ అని ఉంటుంది. ఏ కెమెరా ఏ దూరంలో ఏం చూపించాలో అందులో ఒక్క ముక్క ఉండదు.

ఇంటి భద్రతా కెమెరా పుట్టుకే ఇందుకు విరుద్ధంగా జరిగింది. న్యూయార్క్ నగరం క్వీన్స్ ప్రాంతంలో ఉండిన మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ నర్సు. వేళకాని వేళల్లో ఉద్యోగం, తరచూ ఇంట్లో ఒంటరితనం, పోలీసులను పిలిస్తే వెంటనే రాని పరిస్థితి. తలుపు కొట్టింది ఎవరో తలుపు తీయకుండా తెలుసుకోవడం ఎలా అన్నదే ఆమె ప్రశ్న. భర్త ఆల్బర్ట్‌తో కలిసి 1966లో పేటెంటుకు దరఖాస్తు చేశారు, 1969 డిసెంబరులో అది మంజూరైంది. తలుపుకు వేర్వేరు ఎత్తుల్లో నాలుగు రంధ్రాలు, వాటి వెనక పైకీ కిందికీ జరిగే ఒక కెమెరా, పడకగదిలో తెర, మాట్లాడటానికి మైకు. నాలుగు రంధ్రాలెందుకంటే పొడుగువాళ్ళు వచ్చినా, పొట్టివాళ్ళు వచ్చినా, పిల్లలు వచ్చినా కనిపించాల్సింది ముఖం. ఆ యంత్రంలో ప్రతి భాగమూ ఒకే ప్రశ్నకు జవాబుగా పుట్టింది. ఇవాళ అంతకు ఎన్నో రెట్లు మెరుగైన కెమెరాను పన్నెండడుగుల ఎత్తున బిగించి నెత్తిమీది టోపీలు రికార్డు చేసుకుంటున్నాం.

కనిపించడంలో మెట్లున్నాయని శాస్త్రం ఎప్పుడో తేల్చింది. అమెరికా సైన్యం కోసం రాత్రిపూట చూసే పరికరాల మీద పనిచేసిన జాన్ జాన్సన్ 1958లో ఒక పత్రం సమర్పించాడు. అక్కడేదో ఉందని పసిగట్టడానికి, అది ఏ రకం వస్తువో పోల్చుకోవడానికి, కచ్చితంగా ఫలానాదని గుర్తించడానికి చిత్రంలో ఎంతెంత సూక్ష్మత కావాలో పరిశీలకులతో పరీక్షించి లెక్కగట్టాడు. పసిగట్టడానికి సరిపోయే సూక్ష్మతకు కొన్ని రెట్లు ఉంటేనే గుర్తించడం సాధ్యమని తేలింది. ఈ ఆలోచనే తర్వాత నిఘా కెమెరాల ప్రమాణాల్లోకి వచ్చింది. అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 2014లో వెలువరించిన 62676-4 ప్రమాణం దీన్ని మీటరుకు ఎన్ని పిక్సెళ్ళు అనే కొలతలో చెబుతుంది. మనిషి ఉన్నాడో లేదో పసిగట్టడానికి మీటరు వెడల్పుకు 25 పిక్సెళ్ళు చాలు. ఏం చేస్తున్నాడో, ఎలాంటి బట్టలేసుకున్నాడో గమనించడానికి 62 దాటాలి. తెలిసిన మనిషి అయితే పోల్చుకోవడానికి 125 కావాలి. ముందెన్నడూ చూడని మనిషిని అనుమానం లేకుండా గుర్తించడానికి 250 కావాలి. మనిషి ముఖం వెడల్పు సుమారు 16 సెంటీమీటర్లు. మీటరుకు 250 చొప్పున ఆ ముఖానికి దక్కేవి 40 పిక్సెళ్ళు. పసిగట్టే స్థాయిలో అదే ముఖానికి మిగిలేవి నాలుగే. నాలుగు గళ్ళలో కన్ను, ముక్కు, నోరు ఇమడవు.

ఈ అంకెను మన సెల్లారుకు తెచ్చి చూడండి. మార్కెట్లో ఎక్కువగా అమ్ముడుపోయేవి 2.8 మిల్లీమీటర్ల లెన్సున్న రెండు మెగాపిక్సెల్ కెమెరాలు. అవి అడ్డంగా సుమారు 100 డిగ్రీల మేర చూస్తాయి. టీవీలో చూస్తే గోడ నుంచి గోడ వరకు సెల్లారంతా ఒక్క చిత్రంలో ఇమిడిపోతుంది, కొన్నవారికి తృప్తిగా ఉంటుంది. కానీ ఆ చిత్రానికి అడ్డంగా ఉన్నవి 1920 పిక్సెళ్ళే. కెమెరాకు మూడు మీటర్ల దూరంలో దృశ్యం వెడల్పు ఏడు మీటర్లు దాటుతుంది కాబట్టి మీటరుకు దాదాపు 270 పిక్సెళ్ళు వస్తాయి. అక్కడ నిలబడ్డ మనిషి ముఖం గుర్తుపట్టవచ్చు. ఆరు మీటర్ల దగ్గర 134కు పడిపోతుంది, తెలిసినవాళ్ళయితే పోల్చుకోగలం. పది మీటర్ల దగ్గర 80 మిగులుతుంది, చొక్కా ఏ రంగుదో తెలుస్తుంది. ఇరవై మీటర్ల దగ్గర 40. మనిషి ఉన్నాడని తెలుస్తుంది, అంతే. అదే రెండు మెగాపిక్సెల్ కెమెరాకు 6 మిల్లీమీటర్ల లెన్సు వేస్తే చూపు సుమారు 50 డిగ్రీలకు ఇరుకవుతుంది, ముఖం గుర్తుపట్టగల దూరం ఎనిమిది మీటర్లకు పెరుగుతుంది. 12 మిల్లీమీటర్లయితే 17 మీటర్ల వరకు వెళ్ళవచ్చు. కెమెరా మారలేదు, పిక్సెళ్ళు పెరగలేదు. ఎంత మేర చూడాలన్న ఆశ తగ్గించుకున్నందుకు దక్కిన ఫలితం ఇది. ఒక కెమెరా అంతా చూడటమో, ఒకచోట బాగా చూడటమో ఏదో ఒకటే చేయగలదు.

‘అలాంటప్పుడు ఎనిమిది మెగాపిక్సెళ్ళది కొంటే పోదా?’ అని అడగవచ్చు. అడగదగ్గ మాటే. పోవలసినంత పోదు. రెండు నుంచి ఎనిమిదికి వెళ్తే పిక్సెళ్ళు నాలుగింతలవుతాయి గానీ అవి అడ్డంగానూ నిలువుగానూ పంచుకుపోతాయి కనుక అడ్డం లెక్క రెట్టింపే అవుతుంది. మూడు మీటర్ల పైచిలుకు దూరం ఆరున్నరవుతుంది. అది కూడా పగటి పూట మాట. సెన్సరు పరిమాణం పెంచకుండా పిక్సెళ్ళ సంఖ్య పెంచితే ఒక్కో పిక్సెల్ చిన్నదవుతుంది, దాని మీద పడే వెలుతురు తగ్గుతుంది. మధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా ఉంటే వీధి దీపం కింద పది లక్స్ ఉండటమే గొప్ప. ఆ కొద్ది వెలుతురును ఎనభై లక్షల చిన్న పిక్సెళ్ళకు పంచితే చిత్రం నిండా చుక్కలు లేస్తాయి. ఆ చుక్కలను చెరపడానికి కెమెరాలోని సాఫ్ట్‌వేర్ చిత్రాన్ని నునుపు చేస్తుంది, ముఖంలోని వివరాలు ఆ నునుపులోనే పోతాయి. దొంగతనాలు ఎక్కువగా జరిగే వేళకు పెద్ద సెన్సరున్న నాలుగు మెగాపిక్సెల్ కెమెరా, చిన్న సెన్సరున్న ఎనిమిది మెగాపిక్సెల్ కెమెరా కన్నా మంచి సాక్షి కావచ్చు. కొటేషన్‌లో మెగాపిక్సెళ్ళ పక్కన సెన్సరు పరిమాణం కూడా రాయమనండి.

వెలుతురు తక్కువైనప్పుడు కెమెరా ఇంకో పని చేస్తుంది, దీని గురించి అమ్మేవారు చెప్పరు, కొనేవారు అడగరు. షట్టరును ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. సెకనులో 25వ వంతు సేపు షట్టరు తెరిచి ఉంటే మామూలు నడకన పోయే మనిషి ఆలోపు ఐదారు సెంటీమీటర్లు జరుగుతాడు. పదహారు సెంటీమీటర్ల ముఖం ఐదారు సెంటీమీటర్లు అలికేసినట్టవుతుంది. మీటరుకు 250 పిక్సెళ్ళున్నా, వెయ్యి ఉన్నా ఆ అలుకు పోదు. రాత్రి కెమెరాను తెర మీద చూసినప్పుడు చెట్లూ కార్లూ అద్దంలా కనిపించి మనుషులు మాత్రం దయ్యాల్లా సాగిపోవడానికి కారణం ఇదే. కదలని వస్తువులను చూసి కెమెరా బాగుందని సంతకం పెట్టేస్తాం. వాహనాల సంగతి మరీ కష్టం. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే బండి సెకనుకు పది మీటర్లు పోతుంది, అదే షట్టరుకు 40 సెంటీమీటర్లు జరిగిపోతుంది. నంబరు చదవాలంటే సెకనులో 500వ వంతు లాంటి వేగం కావాలి. దానికి తోడు ఇప్పటి హై సెక్యూరిటీ నంబరు ప్లేట్లు తమ మీద పడిన వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపుతాయి. కెమెరా పక్కనే ఉండే ఇన్‌ఫ్రారెడ్ దీపాల వెలుగు సూటిగా లెన్సులోకే వచ్చి, మామూలు షట్టరు వేగంలో ప్లేటు తెల్లగా వెలిగిపోతుంది. షట్టరు వేగం పెంచితే అక్షరాలు చక్కగా వస్తాయి గానీ చుట్టూ అంతా చీకటే, నడిపేవాడి ముఖం కనిపించదు. రాత్రి పూట నంబరూ ముఖమూ ఒకే కెమెరా అందించడం కష్టం. గేటు దగ్గర ఈ రెండు ప్రశ్నలూ మీకు ముఖ్యమైతే అక్కడ రెండు కెమెరాలు పెట్టాలి. సెల్లారులో రెండు తగ్గించుకునైనా సరే.

ఇన్‌ఫ్రారెడ్ గురించి ఇంకొక్క మాట. 850 నానోమీటర్ల దీపాలు మన కంటికి మసక ఎర్రటి చుక్కల్లా కనిపిస్తాయి. 940వి కనిపించవు, కానీ సిలికాన్ సెన్సరు వాటికి తక్కువగా స్పందిస్తుంది కనుక దూరం తగ్గుతుంది. రెండింటిలోనూ రంగు పోతుంది. ఎర్ర చొక్కా, నల్ల చొక్కా ఒకేలా తెల్లబోవచ్చు. పైగా దీపం దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి పెట్టె మీద ముద్రించిన ‘30 మీటర్ల నైట్ విజన్’ అక్కడేదో ఉందని పసిగట్టే దూరమేగానీ ముఖం గుర్తించే దూరం కాదు. గేటు దగ్గర రాత్రంతా వెలిగే ఒక మంచి ఎల్‌ఈడీ దీపం, ఖరీదైన కెమెరా చేయలేని మేలు చేస్తుంది. అది దారిన పోయే ఆడవాళ్ళకూ పిల్లలకూ కూడా పనికొస్తుంది.

పిక్సెళ్ళూ వెలుతురూ సరిపోయాక మిగిలేది కోణం. ఎవరూ అందుకోకూడదని కెమెరాను మూడున్నర, నాలుగు మీటర్ల ఎత్తున బిగిస్తారు. మూడున్నర మీటర్ల ఎత్తు నుంచి మూడు మీటర్ల దూరంలోని ముఖాన్ని చూస్తే చూపు ముప్ఫై డిగ్రీలు పైగా కిందికి వాలుతుంది. టోపీ ఉంటే టోపీ, లేకపోతే నుదురు. అదే కెమెరా రెండున్నర మీటర్ల ఎత్తున ఉండి మూడున్నర మీటర్ల దూరంలో మనిషిని చూస్తే వాలు పదిహేను డిగ్రీలకు తగ్గుతుంది, ముఖం ముఖంలా పడుతుంది. అందుతుందన్న భయముంటే దెబ్బలకు తట్టుకునే డోమ్ రకం కొనాలి, దాన్ని చూస్తూ ఇంకో కెమెరా పైన ఉండాలి. ఇక తూర్పో పడమరో చూసే గేటు ఉన్న భవనాల్లో పొద్దునో సాయంత్రమో సూర్యుడు మనిషి వెనక నిలబడతాడు. వచ్చినవాళ్ళంతా నల్లటి నీడలే. ఎక్కువ వెలుగునూ తక్కువ వెలుగునూ ఒకే చిత్రంలో పట్టే వైడ్ డైనమిక్ రేంజ్ సదుపాయం ఇక్కడ పనికొస్తుంది. 120 డెసిబెల్స్ అని రాసి ఉంటే అత్యధిక, అత్యల్ప వెలుగుల మధ్య పది లక్షల రెట్ల తేడాను తట్టుకుంటుందని అర్థం. సెల్లారు లోపలి నుంచి బయటి వెలుతురు వైపు చూసే కెమెరాకు ఇది తప్పనిసరి. చీకటి మూలలోని కెమెరాకు దీని కోసం డబ్బు పెట్టడం దండుగ.

ఇప్పుడు సెల్లారు పార్కింగు మీద ఐదంతస్తులున్న ఒక మామూలు అపార్టుమెంటును తీసుకుందాం. నడిచి వచ్చేవారి గేటు దగ్గర ప్రశ్న ‘ఎవరు వచ్చారు?’ కనుక అక్కడ తక్కువ ఎత్తున, ఇరుకు చూపుతో, మంచి వెలుతురుతో ఒక కెమెరా కావాలి. దూరాన్ని బట్టి చూపును సరిచేసుకోగల వేరిఫోకల్ లెన్సు అయితే మేలు. బండ్ల గేటు దగ్గర హెల్మెట్ పెట్టుకున్నవాడి ముఖం ఏ కెమెరాకూ దొరకదు, అక్కడ నంబరు అడగడమే న్యాయం. మనిషి తప్పనిసరిగా దగ్గరికొచ్చి నిలబడే చోటు లిఫ్టు. రెండు మీటర్లలోపు దూరం, నిరంతర వెలుతురు, మారని నేపథ్యం. చవకైన 2.8 మిల్లీమీటర్ల కెమెరా కూడా అక్కడ గుర్తించే స్థాయి చిత్రమిస్తుంది. లిఫ్టు వాడని దొంగ కోసం మెట్ల మొదట్లో మరొకటి. సెల్లారులో అడగాల్సింది ‘ఏం జరిగింది, ఎటు వెళ్ళాడు?’ అన్నదే కాబట్టి అక్కడ వెడల్పు చూపున్నవి రెండు చాలు. టెర్రస్ మీద ‘ఎవరైనా వచ్చారా?’ అన్న ప్రశ్న ఒక్కటే. అక్కడ సెకనుకు పది ఫ్రేములు సరిపోతాయి. గుండ్రంగా తిరిగే పీటీజెడ్ కెమెరా చూడటానికి గొప్పగా ఉంటుంది గానీ, ఎప్పుడూ దాని ముందు కూర్చుని తిప్పే మనిషి లేకపోతే దొంగ తూర్పున ఉన్నప్పుడు అది పడమరకు తిరిగి ఉంటుంది. ఇంతటితో కెమెరాలు ఏడెనిమిది అయ్యాయి. మామూలు కొటేషన్‌లోని సంఖ్యే ఇది. తేడా అంతా ప్రతి కెమెరాకూ ఒక ఉద్యోగం ఉండటంలో ఉంది.

గట్టి అభ్యంతరం ఒకటుంది. కెమెరా ఉందంటేనే దొంగ భయపడతాడు, ముఖం పడిందా లేదా అన్నది తర్వాతి మాట. కాబట్టి చవకవే ఎక్కువ పెడితే మంచిది కదా అంటారు. దీన్ని పరిశోధనలతోనే తూచాలి. ఎరిక్ పీజా, బ్రాండన్ వెల్ష్, డేవిడ్ ఫారింగ్టన్ తదితరులు నలభై ఏళ్ళ అధ్యయనాలను కలిపి 2019లో ఒక సమీక్ష ప్రచురించారు. కెమెరాలున్న చోట నేరాలు సగటున 13 శాతం తగ్గాయని, ఆ ఫలితం అన్నిటికన్నా పార్కింగు స్థలాల్లో ఎక్కువగా కనిపించిందని, హింసాత్మక నేరాల మీద మాత్రం చెప్పుకోదగ్గ ప్రభావం లేదని తేల్చారు. కెమెరాలను ఎవరైనా చూస్తూ ఉన్నచోట, వెలుతురు వంటి ఇతర జాగ్రత్తలు తోడైనచోట ఫలితం మెరుగ్గా ఉంది. కనుక భయం అబద్ధం కాదు, కాకపోతే అది పరిమితమైనది. ఆ 13 శాతం పోగా జరిగిపోయే నేరాల సంగతేమిటి? అక్కడ చిత్రం నాణ్యతే దిక్కు. బ్రిటన్ రైల్వే పోలీసులు 2011 నుంచి 2015 వరకు నమోదు చేసిన రెండున్నర లక్షల నేరాలను మాథ్యూ ఆష్‌బీ పరిశీలిస్తే 45 శాతం కేసుల్లో దర్యాప్తుకు ఫుటేజీ దొరికింది, 29 శాతం కేసుల్లోనే అది ఉపయోగపడింది. కెమెరాలు దట్టంగా ఉన్న రైల్వేలోనే, దొరికిన ఫుటేజీలో మూడో వంతు అక్కరకు రాలేదన్నమాట. భయపెట్టడం కోసమే అయినా, పట్టుబడతామన్న నమ్మకం లేనిచోట భయం ఎన్నాళ్ళు నిలుస్తుంది?

మసక చిత్రాన్ని కృత్రిమ మేధ బాగుచేస్తుంది కదా అన్నది ఈమధ్య వినిపిస్తున్న మరో మాట. సెన్సరు మీద పడని వివరాన్ని ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. తాను నేర్చుకున్న లక్షల ముఖాల నుంచి నమ్మదగినట్టు కనిపించే మరో ముఖాన్ని అది కల్పిస్తుంది. 2020లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పల్స్ అనే సాధనానికి బరాక్ ఒబామా మసక చిత్రమిస్తే ఒక శ్వేతజాతీయుడి ముఖం తయారుచేసింది. నాలుగు పిక్సెళ్ళ ముఖం నుంచి తయారైన బొమ్మను పట్టుకుని ఒక నిరుపేద డెలివరీ కుర్రాడి మీద అనుమానం పెడితే జరిగే అన్యాయానికి ఎవరు బాధ్యులు? మనుషులను ఊరికే గుర్తించేసే వ్యవస్థ కన్నా ‘ఈ చిత్రంలో ఎవరో చెప్పలేం’ అని నిజాయితీగా తేల్చే వ్యవస్థ మంచిది.

తీగల విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. కోయాక్సియల్ తీగతో డీవీఆర్‌కు వచ్చే రకం, నెట్‌వర్క్ తీగతో ఎన్‌వీఆర్‌కు వచ్చే ఐపీ రకం, వైఫై రకం అని మూడున్నాయి. ఒకప్పుడు మొదటి రకం చిత్రం నాసిగా ఉండేది. ఇప్పుడు అదే తీగ మీద ఐదు, ఎనిమిది మెగాపిక్సెళ్ళ చిత్రం కూడా వస్తోంది. పాత భవనంలో తీగలు బాగున్నాయంటే వాటిని పీకెయ్యనక్కర్లేదు. కొత్తగా కట్టే భవనంలో గోడలు మూయకముందే క్యాట్ 6 తీగ లాగించడం తెలివి. కరెంటూ చిత్రమూ ఒకే తీగలో పోతాయి, వంద మీటర్ల వరకు ఇబ్బంది ఉండదు. వైఫై కెమెరా ఒక ఇంటి తలుపుకు సరిపోతుంది. భవనమంతటికీ పనికిరాదు. కాంక్రీటు గోడలు సిగ్నల్‌ను తినేస్తాయి, చుట్టుపక్కల ఇళ్ళ రౌటర్లు అదే తరంగాల మీద పోటీపడతాయి. రికార్డింగు ఆగిపోయిన సంగతి అవసరం పడినరోజునే బయటపడుతుంది.

రికార్డింగు ఎన్నాళ్ళు నిలవాలన్నది మాత్రం ఆలోచించి తేల్చాల్సిన ప్రశ్న. రెండు మెగాపిక్సెల్ కెమెరా హెచ్.265 పద్ధతిలో సెకనుకు రెండు మెగాబిట్ల చొప్పున రాస్తుందనుకుంటే రోజుకు 21.6 గిగాబైట్లు అవుతుంది. ఎనిమిది కెమెరాలకు రోజుకు 173. ఒక టెరాబైట్ డిస్క్ ఆరు రోజులు తిరక్కముందే నిండి, పాతదాని మీద కొత్తది రాసుకుంటూ పోతుంది. పాత హెచ్.264 పద్ధతిలో సెకనుకు నాలుగు మెగాబిట్లయితే మూడు రోజులే. సంక్రాంతికి ఊరెళ్ళిన కుటుంబం వారం పదిరోజులకు తిరిగొచ్చి తాళం పగిలిందని చూసుకునేసరికి, దొంగ వచ్చిన రాత్రి డిస్క్ మీద ఉండదు. మన భవనాల్లో దొంగతనం జరిగే రోజుకూ తెలిసే రోజుకూ మధ్య దూరం పండగ సెలవులంత ఉంటుంది. 30 రోజుల నిల్వకు పై లెక్కన ఐదు టెరాబైట్ల పైచిలుకు కావాలి. ఆరు టెరాబైట్ల నిఘా రకం డిస్క్ తీసుకోవాలి, రాత్రింబవళ్ళు రాస్తూ ఉండటానికి మామూలు కంప్యూటర్ డిస్కులు తయారు కాలేదు. రికార్డరును వాచ్‌మన్ బల్ల మీద పెడితే దొంగలు దాన్నే ఎత్తుకుపోతారు, కనుక తాళం వేసిన గదిలో ఉంచాలి. కరెంటు పోయినప్పుడు కూడా నడవాలి. ఎనిమిది కెమెరాలూ రికార్డరూ కలిపి 80 వాట్లు తీసుకుంటే చిన్న యూపీఎస్ గంట కూడా మోయలేదు, 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉన్న ఇన్వర్టరయితే సగం రోజుకు పైగా మోస్తుంది.

కెమెరా మనల్ని కాపాడటానికి ముందు దాన్ని మనం కాపాడుకోవాలి. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాం దాదాపు అరవై ఫ్యాక్టరీ పాస్‌వర్డుల జాబితాతో లక్షల కెమెరాలనూ రికార్డర్లనూ లొంగదీసుకుంది. వెబ్‌సైట్ల చిరునామాలను కంప్యూటర్లకు అందించే డైన్ అనే సంస్థ మీద అక్టోబరు 21న వాటితో దాడి చేయిస్తే అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల తరబడి అందలేదు. 2021 మార్చిలో వెర్కాడా అనే కంపెనీ క్లౌడ్‌లోకి చొరబడినవారికి ఆసుపత్రులూ పాఠశాలలూ కర్మాగారాల్లోని సుమారు లక్షా యాభై వేల కెమెరాల దృశ్యాలు చిక్కాయి. ఇలాంటి ముప్పుల నేపథ్యంలో మన కేంద్ర ప్రభుత్వం సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేస్తూ 2024 ఏప్రిల్‌లో నోటిఫికేషన్ ఇచ్చింది, 2025 ఏప్రిల్ 9 నుంచి అది అమల్లోకి వచ్చింది. కొనేటప్పుడు ఆ ధ్రువీకరణ ఉన్న మోడలేనా అని అడగడం, బిగించిన రోజే పాస్‌వర్డ్ మార్చడం, ఫోనులో చూసే సదుపాయం అసోసియేషన్‌లో ఇద్దరికో ముగ్గురికో పరిమితం చేయడం ఖర్చులేని పనులు.

తప్పు చేయనివాళ్ళకు కెమెరా అంటే భయమెందుకని అడిగేవారున్నారు. ఎవరి ఇంటికి ఎవరు ఏ వేళకు వచ్చారు, ఏ ఇంటి అమ్మాయి ఎప్పుడు తిరిగొచ్చింది అన్నవి నేరాలు కావు; కానీ కారిడార్ కెమెరా వాటన్నిటికీ దినచర్య రాస్తుంది. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనంతో తేల్చింది. ఒకే ఇంట్లో కలిసి ఉంటున్నవారి అనుమతి లేకుండా నివాస భాగంలో కెమెరాలు నడపకూడదన్న కలకత్తా హైకోర్టు తీర్పులో జోక్యం చేసుకోవడానికి సుప్రీంకోర్టు 2025 మేలో నిరాకరించింది. ప్రశ్న ముందు రాసుకునే పద్ధతి ఇక్కడ కూడా దారి చూపుతుంది. గేటు, లిఫ్టు, మెట్ల మొదలు దగ్గర జవాబు దొరికాక ప్రతి అంతస్తు కారిడార్‌లోనూ కెమెరా ఏ ప్రశ్న కోసం? జవాబు లేకపోతే అది అక్కర్లేదు. ఎదురింటి కిటికీ చిత్రంలో పడుతుంటే ఆ మేర నల్లగా మూసేసే ప్రైవసీ మాస్క్ దాదాపు అన్ని రికార్డర్లలోనూ ఉంటుంది, వాడుకోవాలి.

కోర్టు దాకా వెళ్ళాల్సి వస్తే ఇంకో ప్రశ్న ఎదురవుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు ప్రతితో ధ్రువపత్రం జతచేయాలి, అందులో ఆ ఫైలు మారలేదని చూపే హాష్ విలువ రాయాలి. రికార్డరు గడియారం ఇరవై నిమిషాలు తప్పుగా ఉంటే దొంగ గేటు దాటిన వేళ మీద వాదనలు మొదలవుతాయి. ఇంటర్నెట్ ద్వారా గడియారం సరిచూసుకునే అమరిక పెట్టించండి. టీవీ తెరను ఫోనుతో వీడియో తీసి వాట్సాప్‌లో పంపడంతో సరిపెట్టుకోకుండా అసలు ఫైలును బయటికి తీయడం కనీసం ఇద్దరు నేర్చుకోవాలి.

ఇన్ని చూడాలంటే ఖర్చు తడిసిమోపెడవుతుందని అనిపించవచ్చు. పైన చెప్పినవాటిలో అధికంగా డబ్బు అడిగేవి పెద్ద డిస్క్, గేటు దగ్గరి రెండు మంచి కెమెరాలు మాత్రమే. తక్కిన చోట్ల అతి మామూలు కెమెరాలే చాలు. లెన్సు మార్చడం, ఎత్తు తగ్గించడం, దీపం పెట్టడం, పాస్‌వర్డ్ మార్చడం పెద్ద ఖర్చులు కావు. కొటేషన్ తీసుకునేటప్పుడు ప్రతి కెమెరా పేరు పక్కన అది జవాబు చెప్పాల్సిన ప్రశ్న, ఎంత దూరంలో చెప్పాలన్నది రాయించండి. బిగించడం పూర్తయ్యాక పగలు చూసి ఒప్పుకోకండి. రాత్రి పదకొండు దాటాక, భవనం గురించి తెలియని ఒక బంధువును మామూలు నడకన గేటులోంచి లోపలికి రమ్మనండి, ఒక బండిని లోపలికీ బయటికీ పంపండి. మర్నాడు రికార్డింగులోంచి ఆ ముఖాన్నీ ఆ నంబరునూ తీసి, వాళ్ళను ఎరగని మరొకరికి చూపించి గుర్తుపట్టమనండి. గుర్తుపట్టిన తర్వాతే ఆఖరి వాయిదా డబ్బు చెల్లించండి.